చల్లటి చేప

వెనకింటి రెండు గదులూ
డిసెంబరులో అద్దెకిస్తాను.
ఈసారి రీయూనియన్ నుంచి ముగ్గురొచ్చారు.
గయెతాన్, భార్య మరీజ్,
ముందు పళ్ళూడిన ఎలోదీ.
ఆసుపత్రిలో లిఫ్టులు బాగుచేస్తాడట.
చేతులు చూస్తే నమ్మొచ్చు,
గోళ్ళ సందుల్లో గ్రీజు
సెలవు పెట్టలేదు.

సంచిలోంచి ముందు తీసింది బట్టలు కాదు,
కొత్త గాలపు కర్ర.
దానికింకా ధర చీటీ వేలాడుతోంది.
"ఆర్తెమీజమ్మా, రేపు రాత్రికి చేప నాది, మసాలా నీది."
సరే అన్నాను.
రోడ్రిగ్స్‌లో సరే అనడానికి ఖర్చేం లేదు.

మొదటిరోజు పగడపు దిబ్బ గాలాన్ని మింగేసింది.
రెండోరోజు గాలి.
మూడోరోజు ఏదో చిన్న చేప
ఎర తినేసి
కొక్కేన్ని మర్యాదగా వదిలిపోయింది.
పిల్ల గట్టుమీద కూచుని
లెక్కపెట్టడం మానేసి
ఇసుకలో బొమ్మలు గీసుకుంది.

నాకు పదకొండో ఏట మా అమ్మ
చేతికి ఇనుప చువ్వ ఇచ్చింది.
అప్పట్నించీ ఆటు వేళ మోకాళ్ళ నీళ్ళలో నడిచి
ఆక్టోపస్‌లు పొడుస్తూనే ఉన్నాను.
నీళ్ళలో నిలబడ్డ మనిషి వీపు చూసి
బుట్టలో ఏముందో చెప్పేస్తాను.
గయెతాన్ వీపులో ఏమీ లేదు.

నాలుగోరోజు పొద్దువాలాక
వంటింటి గుమ్మంలో అతను,
చేతిలో మూరెడు ఎర్రచేప,
మొప్పల్లోంచి దూర్చి కట్టిన మొగలాకు పేలిక.

ఆ ముడి నాకు తెలుసు.
మా జస్లీకి కుడిచేతికి మూడే వేళ్ళు,
పళ్ళతో బిగిస్తాడు, ఎడమకి తిరిగి ఉంటుంది.
కన్ను తెల్లబారింది.
మొప్పలు కాఫీ మడ్డిలా ఉన్నాయి.
నిన్నటిది. కాదు, మొన్నటిది.

"ఎక్కడ పడింది?" అని మరీజ్.
"అదిగో, అక్కడ" అని చెయ్యి చాపాడు.
చెయ్యి కొండవైపు చూపించింది.
ఆవిడ కొండవైపు చూసింది, మొగుడివైపు చూసింది,
పర్సు జిప్పు లాగి
"ఎంత పెద్దదో!" అంది.

అందరం పెద్దవాళ్ళమే కనక
అంతటితో అయిపోయేది.
ఎలోదీ వచ్చి
చేప కడుపుమీద అరచెయ్యి ఆనించింది.
జ్వరం చూసినట్టు.
"నాన్నా,
సముద్రం వెచ్చగా ఉంది కదా,
ఇదెందుకింత చల్లగా ఉంది?"

స్టవ్ మీద నూనె చిటపటమంది.
గయెతాన్ మెడ
చేప రంగుకొచ్చింది.
లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళతో
రోజూ మాట్లాడే మనిషికి
ఒక్క మాట దొరకలేదు.

కత్తి చేతిలోకి తీసుకుని నేనే చెప్పాను:
"పైన వెచ్చన, తల్లీ,
కిందికి పోయేకొద్దీ చల్లన.
మీ నాన్న గాలం
చాలా కిందికి దిగి ఉంటుంది."

పిల్ల నమ్మింది.
లేక, మా ముగ్గురి మొహాలూ చూసి
నమ్మితే మంచిదనుకుందో.
ఆ వయసులో నేనూ అలాంటివి చాలా నమ్మాను.

టమాటా, పచ్చిమిర్చి, రెండు చెక్కల నిమ్మకాయ,
పాత చేపకి అల్లం కాస్త ఎక్కువే వెయ్యాలి.
అతను తోకముక్క వేసుకుని
ముల్లు ముల్లూ ఏరుకుంటూ
తలెత్తకుండా తిన్నాడు.

జస్లీని మర్నాడే పట్టుకుని తిట్టాను.
అబద్ధంలో పాలు పంచుకున్నందుకు కాదు,
ఊరికి కొత్తవాడికి
పాత చేప అంటగట్టినందుకు.
నవ్వి, మూడు వేళ్ళతో
సగం డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు.
దాన్ని మరీజ్ చేతిలో పెట్టాను.
ఎందుకని ఆవిడ అడగలేదు.

వెళ్తూ వెళ్తూ గాలపు కర్ర
గది మూలన వదిలేశాడు.
మరిచిపోయాడని నేననుకోను.
ఆక్టోపస్‌లు ఆరేసే తాడు కుంగినచోట
ఇప్పుడదే ఊతం.
ధర చీటీ మాత్రం పీకలేదు.
గాలి లేస్తే
కొక్కేనికి తగిలిన ప్రాణిలా
గిలగిలా కొట్టుకుంటుంది,
పనిలో ఉన్నదాన్ని
ప్రతిసారీ తిరిగి చూస్తాను.